చక్రాల ఇంట్లో బ్యాటరీ సంరక్షణ

అమెరికాలో ఆర్వీ అనే పేరుతో వాడుకలో ఉన్న వాహనం పడక, వంటగట్టు, స్నానాలగది, ఫ్రిజ్ అన్నీ ఒకే కప్పు కింద అమర్చిన చక్రాల ఇల్లు. ఇలాంటి బండి చాలా కుటుంబాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటి పక్కనో, నెల అద్దెకు తీసుకున్న ఖాళీ స్థలంలోనో కదలకుండా పడి ఉంటుంది. బ్యాటరీలకు ప్రయాణాల కంటే ఈ ఖాళీ కాలమే ఎక్కువ హాని చేస్తుంది. ఆ హానిని తగ్గించడానికే బండిలో బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ అమరుస్తారు. బ్యాటరీకీ బండిలోని విద్యుత్ పరికరాలకూ మధ్య సంబంధాన్ని తెంచడం దాని పని. అది చేయని పనులు కొన్ని, కొన్ని బండ్లలో అది అడ్డుకునే పనులు మరికొన్ని ఉన్నాయి. వాటి సంగతి యజమానులకు తెలియకపోతే, స్విచ్ సక్రమంగా ఉన్నా బ్యాటరీ చెడిపోతుంది.

ఆర్వీలు స్థూలంగా రెండు రకాలు. సొంత ఇంజిన్ ఉన్నది మోటార్‌హోమ్. ట్రక్కు వెనుక తగిలించి లాక్కుపోయేది ట్రైలర్. మోటార్‌హోమ్‌లో ఇంజిన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, ఇంటి భాగంలోని దీపాలకు, నీటి పంపుకు, హీటర్ ఫ్యానుకు కరెంటు ఇచ్చే బ్యాటరీ వేరు. ట్రైలర్‌లో ఈ రెండోది మాత్రమే ఉంటుంది. స్టార్టింగ్ బ్యాటరీ కొన్ని సెకన్లపాటు పెద్ద మొత్తంలో కరెంటు ఇచ్చి ఊరుకుంటుంది. ఇంటి భాగపు బ్యాటరీ గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వవలసినది కనుక దాన్ని మందమైన పలకలతో తయారుచేస్తారు. దీన్ని డీప్ సైకిల్ బ్యాటరీ అంటారు. తెలుగు ఇళ్లలో కరెంటు కోతల కోసం పెట్టుకునే ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఈ జాతిదే కాబట్టి, నెలనెలా దానిలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకునే పాఠకులకు ఇక్కడ చెప్పబోయే వాటిలో కొన్ని ముందే తెలిసి ఉంటాయి.

క్యాంప్‌గ్రౌండ్‌లో 30 లేదా 50 ఆంపుల సాకెట్ ఉన్న స్తంభానికి బండి కేబులు తగిలించి తీసుకునే కరెంటును షోర్ పవర్ అంటారు. ఆ 120 వోల్టుల ఏసీ కరెంటును కన్వర్టర్ అనే పరికరం 12 వోల్టుల డీసీగా మార్చి, ఒకవైపు దీపాలకూ పంపుకూ సరఫరా చేస్తూ, మరోవైపు బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. అయితే అన్నిచోట్లా ఈ వసతి ఉండదు. యోసెమిటీ జాతీయ ఉద్యానవనంలోని క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా కరెంటు సాకెట్లు లేవు. ఎల్లోస్టోన్‌లో కరెంటు, నీరు, మురుగు మూడింటి కనెక్షన్లూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ అనే ఒక్క చోటే. అలాంటి చోట రాత్రంతా హీటర్ ఫ్యాన్ తిరగాలన్నా, కుళాయి తిప్పితే నీళ్లు రావాలన్నా బ్యాటరీయే దిక్కు, కాబట్టి బండి బయలుదేరేనాటికి దానిలో ఎంత ఛార్జి మిగిలి ఉందన్నది చిన్న విషయం కాదు.

బండిని నిలిపి, అన్ని దీపాలూ ఆర్పి, తలుపు తాళం వేసిన తరువాత కూడా కొన్ని పరికరాలు కరెంటు తాగుతూనే ఉంటాయి. ప్రొపేన్ గ్యాస్ గాలి కంటే బరువైనది కనుక నేలకు దగ్గరగా బిగించే గ్యాస్ లీకేజి హెచ్చరిక పరికరం, గడియారాన్ని గుర్తుంచుకునే రేడియో, ఫ్రిజ్ లోపలి నియంత్రణ బోర్డు వంటివి ఈ కోవలోకి వస్తాయి. విడివిడిగా ఇవి తీసుకునేది అత్యల్పం. అయినా అన్నీ కలిసి అర ఆంపు లాగుతున్నాయనుకుంటే రోజుకు 12 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. ఒక ఆంపు కరెంటును ఒక గంట పాటు వాడితే అయ్యే ఖర్చును ఒక ఆంపియర్-అవర్ అంటారు. ఆ లెక్కన 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగైదు రోజుల్లో సగానికి దిగిపోతుంది, ఎనిమిది తొమ్మిది రోజులకు పూర్తిగా ఖాళీ అవుతుంది.

ఖాళీ అయితే మళ్లీ ఛార్జ్ చేసుకోవచ్చు కదా అనే ఆలోచన లెడ్ యాసిడ్ బ్యాటరీ విషయంలో సరికాదు. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన నాటి నుంచి ఈ బ్యాటరీ మూలసూత్రం మారలేదు: ఛార్జి ఖర్చవుతున్న కొద్దీ సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ పూత ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడుతుంది, ఛార్జ్ చేసినప్పుడు ఆ పూత కరిగి సల్ఫేట్ తిరిగి యాసిడ్‌లో కలుస్తుంది. పూత తాజాగా ఉన్నంతవరకే ఇది సవ్యంగా జరుగుతుంది. ఖాళీ బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి, తరువాత ఎంత ఛార్జ్ చేసినా కరగకుండా, పలకలో అంతమేర భాగాన్ని శాశ్వతంగా నిరుపయోగం చేస్తుంది. సల్ఫేషన్ అని పిలిచే ఈ మార్పు కారణంగానే, లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడవద్దని, వాడిన వెంటనే నింపమని అనుభవజ్ఞులు చెబుతారు.

డిస్‌కనెక్ట్ స్విచ్ ఈ చాటుమాటు ఖర్చును ఆపుతుంది. ట్రైలర్లలో ఇది తరచుగా బ్యాటరీ దగ్గరే చేతితో తిప్పే ఎర్రని మీటగా ఉంటుంది. పెద్ద మోటార్‌హోమ్‌లలో తలుపు పక్కన ‘యూజ్’, ‘స్టోర్’ అని రాసి ఉన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే బ్యాటరీ దగ్గరున్న రిలే, అంటే విద్యుత్తుతో పనిచేసే మరో స్విచ్, తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది. ఈ రెండో ఏర్పాటులో ఒక చిక్కు ఉంది: బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే రిలే కదలడానికి కావలసిన కరెంటు కూడా దొరకదు, అది కదలనిదే కన్వర్టర్ నుంచి బ్యాటరీకి దారి తెరుచుకోదు. అప్పుడు విడి ఛార్జర్ తెచ్చి నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకు తగిలించడమే మార్గం.

అసలు గందరగోళం ‘స్టోర్’ అనే ఆ చీటీ దగ్గర మొదలవుతుంది. బండిని నిల్వ ఉంచేటప్పుడు స్విచ్‌ను స్టోర్‌లో పెట్టి, షోర్ పవర్ కేబులు తగిలించి వదిలేస్తే బ్యాటరీ నిండుగా ఉంటుందని యజమాని అనుకోవడం సహజం. కాని చాలా బండ్లలో స్విచ్ ఉండేది బ్యాటరీకీ కన్వర్టర్‌కూ మధ్యనే. దారి తెగితే రెండు వైపులా తెగుతుంది, బ్యాటరీ నుంచి పరికరాలకు కరెంటు వెళ్లనట్టే కన్వర్టర్ నుంచి బ్యాటరీకి ఛార్జి కూడా రాదు. కన్వర్టర్ నేరుగా సరఫరా చేస్తున్నందువల్ల లోపల దీపాలు మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంటాయి కాబట్టి, లోపం కేబులు తీసే రోజు దాకా బయటపడదు. మరికొన్ని బండ్లలో ఛార్జింగ్ తీగను స్విచ్‌కు బ్యాటరీ వైపున కలుపుతారు గనుక స్టోర్‌లో ఉన్నా బ్యాటరీ నిండుతుంది. ఏది ఎలా పనిచేస్తుందో స్విచ్ పక్కనే ఒక్క ముక్క రాసి ఉంచడం తయారీదారులకు పెద్ద ఖర్చేమీ కాదు. ఆ మాత్రం శ్రద్ధ చాలా బండ్లలో కనిపించకపోవడం విమర్శించదగినదే.

ఈ సంగతి వోల్టేజి కొలిచే మల్టీమీటర్‌తో ఎవరైనా తేల్చుకోవచ్చు. ముందుగా కేబులు తీసేసి, స్విచ్‌ను స్టోర్‌లో పెట్టి, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజి కొలవాలి. తరువాత కేబులు తగిలించి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొలవాలి. రెండో అంకె 13 దాటితే స్టోర్‌లో కూడా ఛార్జింగ్ జరుగుతున్నట్టు. అంకె మారకపోతే స్విచ్ అడ్డుపడుతున్నట్టు. అడ్డుపడే బండిలో కేబులు తగిలించి ఉన్నంతకాలం స్విచ్ యూజ్‌లోనే ఉండాలి, కేబులు తీసిన తరువాతే స్టోర్‌లోకి మార్చాలి. కప్పు మీద సోలార్ పలకలు ఉన్న బండిలో ఈ పరీక్షను చీకటి పడ్డాక చేయడం మంచిది. సోలార్ తీగలను సాధారణంగా కంట్రోలర్ ద్వారా నేరుగా బ్యాటరీకే కలుపుతారు కనుక, పగటిపూట కొలిస్తే ఎండ వల్ల పెరిగిన అంకెను చూసి కన్వర్టర్ పనిచేస్తోందని పొరబడే అవకాశం ఉంది.

స్విచ్ ఆపినా ఆగనివి మరికొన్ని ఉంటాయి. నడుస్తున్న ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసే బ్రేక్‌అవే స్విచ్‌కు ట్రైలర్ బ్యాటరీ నుంచి నిరంతరాయంగా కరెంటు అందాలి. అందువల్ల దాన్ని డిస్‌కనెక్ట్ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలపాలి. ఏ కారణంచేతనైనా అలా కలపని బండిని స్విచ్ ఆపి రోడ్డెక్కించడం ప్రాణాలతో చెలగాటం. గ్యాస్ హెచ్చరిక పరికరాన్ని కూడా కొన్ని బండ్లలో ఇలాగే నేరుగా కలుపుతారు. కనుక స్విచ్ ఆపిన తరువాత కూడా వోల్టేజి త్వరగా పడిపోతుంటే బ్యాటరీని అనుమానించే ముందు ఈ నేరు కనెక్షన్లను చూడాలి. నెలల తరబడి నిల్వ ఉంచేటప్పుడు నెగటివ్ తీగను టెర్మినల్ నుంచే తీసేయడం స్విచ్ కంటే నమ్మకమైన పద్ధతి. తీసేటప్పుడు నెగటివ్‌ను ముందు తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి.

పూర్తిగా తెంచిన బ్యాటరీ కూడా లోపలి రసాయన చర్యల వల్ల తనంతట తానే కొంత ఛార్జి కోల్పోతుంది. నీళ్లు పోసే రకం నెలకు సుమారు ఐదు శాతం, వయసు మీరితే ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటుంది. వేడి పెరిగే కొద్దీ ఈ నష్టం వేగం పుంజుకుంటుంది. అందుకే నెలకొకసారి వోల్టేజి చూడాలి. వాడకం, ఛార్జింగ్ రెండూ ఆపి కొన్ని గంటలు ఉంచిన బ్యాటరీ 12.6 లేదా 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.1 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టు; 12.4కు దిగగానే ఛార్జర్ తగిలించడం ఉత్తమం. మంచి ఛార్జర్ ముందు 14.4 వోల్టుల ప్రాంతంలో వేగంగా నింపి, నిండాక 13.2 నుంచి 13.6 వోల్టుల మధ్యకు తగ్గి, కోల్పోయినంత మాత్రమే భర్తీ చేస్తుంది. ఎప్పుడూ ఒకే వోల్టేజి ఇచ్చే పాత కన్వర్టర్‌కు నెలల తరబడి తగిలించి ఉంచితే బ్యాటరీలో నీరు తరిగిపోయి పలకలు బయటపడతాయి. నీళ్లు పోయవలసింది ఛార్జింగ్ పూర్తయ్యాకే. పలకలు తేలి ఉంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి ఛార్జ్ చేయాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆ చోట గాలి ఆడాలి, నిప్పు ఉండకూడదు.

మోటార్‌హోమ్‌లో ఇంజిన్ బ్యాటరీని యజమానులు తరచుగా మరచిపోతారు. ఇంటి భాగపు డిస్‌కనెక్ట్ స్విచ్‌కు సాధారణంగా దానితో సంబంధం ఉండదు, షోర్ పవర్ తగిలించినా చాలా బండ్లలో అది ఛార్జ్ కాదు; దానికి విడిగా చిన్న ఛార్జర్ ఉండవలసిందే.

చలి ప్రాంతాల్లో మరో ప్రమాదం ఉంది. నిండుగా ఉన్న బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో మిగిలేది దాదాపు నీరే కనుక మైనస్ 10 డిగ్రీల లోపే గడ్డకట్టి, ఉబ్బి, పెట్టెను పగలగొడుతుంది. మిన్నెసోటా, మిషిగన్ వంటి రాష్ట్రాల చలికాలంలో ఆ ఉష్ణోగ్రత మామూలే. ఇటీవల ఆర్వీలలో వ్యాపించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి సల్ఫేషన్ బెడద లేదు, నిల్వకు సగం ఛార్జి చాలు. అయితే సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని శాశ్వతంగా చెడుతుంది. దాని వోల్టేజి చివరి దాకా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి మల్టీమీటర్ కంటే లోపలికి, బయటికి పోయే కరెంటును లెక్కించే బ్యాటరీ మానిటర్‌ను నమ్మాలి.

వేసవి సెలవుల్లో ఆర్వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో యోసెమిటీకో వెళ్లదలచిన తెలుగు కుటుంబాలు బండి చేతికి వచ్చే రోజే డిస్‌కనెక్ట్ స్విచ్ ఎక్కడ ఉందో, ఏ స్థానంలో బ్యాటరీ ఛార్జ్ అవుతుందో యజమానిని అడిగి తెలుసుకోవాలి. కేబులు తీసి గంటో రెండు గంటలో ఆగాక, దీపాలు, పంపు ఆపి ఉంచి బ్యాటరీ వోల్టేజి కొలిచి, లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తక్కువ చూపితే బండి తీసుకోకముందే ఆ మాట చెప్పాలి.