రిప్లీ: వెలుగునీడలలో నేరచిత్రణము

నేరకథలయందు మనుష్యునకు గల కుతూహలము నేటిది కాదు. దానిని తృప్తిపరచుట సులభము. దానినే విచారణకు నిలుపుట కష్టము. 2024 ఏప్రిలులో నెట్‌ఫ్లిక్సు ద్వారా వెలువడిన ‘రిప్లీ’ యను ఎనిమిది భాగముల టెలివిజను ధారావాహిక యీ కష్టతర కార్యమునకు బూనుకొన్నది.

దీనికి మూలము అమెరికా రచయిత్రి పెట్రీషియా హైస్మిత్ 1955లో ప్రకటించిన నవల. న్యూయార్కులో చిల్లర మోసములతో కాలము గడుపు టామ్ రిప్లీని ఒక ధనికుడు ఇటలీకి పంపును. అచ్చట విలాసముగ నివసించుచున్న తన కుమారుడు డిక్కీని ఇంటికి మరలింపుమని కోరును. రిప్లీ యాతనిని మరలింపకపోగా చంపి, వాని పేరును, ధనమును, జీవితమునే యపహరించును.

ఈ కథను 1960లో ఫ్రెంచి దర్శకుడు రెనె క్లెమా, 1999లో ఆంథొనీ మింగెల్లా చలనచిత్రములుగ తీసిరి. ఆ రెంటను మధ్యధరా సముద్రపుటెండయు, నీలిజలములును కన్నుల పండువుగ నుండును. ఈ ధారావాహికను వ్రాసి దర్శకత్వము వహించిన స్టీవెన్ జేలియన్ రంగులను దాదాపు పూర్తిగ పరిహరించెను. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్ కన్నులతో చూచిన ఇటలీలో నిటారు మెట్లు, తడిసిన రాళ్లు, శిలావిగ్రహముల చూపులు మిగిలినవి. విహారస్థలమే కారాగారము వలె కన్పట్టును. 2024లో వీరిరువురికిని ఎమ్మీ బహుమానములు లభించుట సముచితము.

దీని మందగమనము కొందరికి విసుగు పుట్టింపవచ్చును. గాని నీతి యంతయు నందే యిమిడి యున్నది. సాధారణ నేరచిత్రములలో హత్య నిమిషమున ముగియును. శవము మరుదృశ్యమున మాయమగును. ఇచ్చట శాన్‌రెమో సముద్రమున డిక్కీని తెడ్డుతో కొట్టి చంపిన పిదప, దేహమును, పడవను రూపుమాపుటకు రిప్లీ పడు పాట్లు మాటలు లేకయే చాలసేపు సాగును. రోమునగరమున ఫ్రెడ్డీని బరువైన గాజు బూడిదపాత్రతో చంపి, శవమును మెట్లమీదుగ దింపునప్పుడు ఆ భవనములోని పిల్లియే సాక్షి. నేరము సాహసమను భ్రమ యా మెట్లపై తొలగిపోవును. మిగులునది చెమటోడ్చు చాకిరియే.

చిత్రకారుడు కారవాజ్జో ప్రస్తావన కథయందు పలుమారు వచ్చును. వెలుగునీడలతో మహాచిత్రములు లిఖించిన యా మహనీయుడే 1606లో రోమున నొకని చంపి పారిపోయెను. కళాభిరుచి శీలమునకు హామీ కాదని దీని సూచన.

క్లెమా చిత్రము దోషి చిక్కబోవుటతో ముగిసెను. ఇచ్చట, నవలయందువలెనే, రిప్లీ తప్పించుకొనును. ఇన్‌స్పెక్టరు రవీనీ, పుస్తకములో డిక్కీ ఛాయాచిత్రమును చూచినపుడుగాని తాను మోసపోయితినని గ్రహింపడు. ఇది యధర్మమును మెచ్చుట యగునా? మెట్లపై రక్తపు మరకలు ఎవరి కంటను పడకుండవలెనని, ఆండ్రూ స్కాట్ నిశ్శబ్ద నటనకు వశులమై, మనమే యూపిరి బిగబట్టి కోరుకొందుము. హంతకుని పక్షమునకు మన మనస్సు ఎప్పుడు చేరెనో మనకే తెలియదు. న్యాయస్థానము లేని యీ కథలో బోనునందు నిలువవలసినవాడు ప్రేక్షకుడే. ఆ యిబ్బందిని తప్పింపకుండుటయే యీ రచన యొక్క నిజాయితీ.