చిప్‌మంకు చలికాలమున ఏల కనబడదు?

ఉత్తర అమెరికా తూర్పు భాగమున, మేపిల్, ఓక్ వృక్షములతో నిండిన అరణ్యములలో, మన ఉడుతకు జ్ఞాతియైన చిప్‌మంకు అను చారల జంతువు నివసించును. మన ఉడుత చెట్టుపై గూడు కట్టుకొనగా, ఇది భూమిలో బొరియ త్రవ్వి, అందు పడకకును, ఆహారమునకును వేరువేరు గదులను ఏర్పరచుకొనును.

శరదృతువు రాగానే దీనికి తీరిక యుండదు. ఓక్ కాయలను, గింజలను ఏరి, బుగ్గల లోపలి సంచులలో, అవి తలయంత ఉబ్బునట్లు కుక్కుకొని, బొరియకు చేరవేయుచునే యుండును. ఇంత ఆరాటమేల? ఎలుగుబంటివలె దేహమున క్రొవ్వు కూడబెట్టుకొను స్వభావము దీనికి లేదు. దాచిన గింజలే ఆధారము. మంచు కురియు నెలలలో ఇది సుప్తావస్థను పొందును. అప్పుడు నిమిషమునకు సుమారు 350 మార్లు కొట్టుకొను గుండె నాలుగైదు మార్లకు తగ్గును, శరీరోష్ణత బొరియలోని చల్లదనమునకు చేరువగా దిగును. అయినను ఇది ఎడతెగని నిద్ర కాదు: కొన్ని దినములకొకసారి మేలుకొని, నిలువ చేసినది తిని, మరల పండుకొనును. ఎవరును లేపకయే లేచు నీ చిన్నప్రాణి కుంభకర్ణునికంటె మేలు కదా!

వసంతమున జతకట్టిన పిమ్మట, సుమారు 31 దినములకు ఆడుది నాలుగైదు పిల్లలను కనును. వెండ్రుకలు లేక, కన్నులు తెరవక పుట్టిన వానిని తల్లి యొక్కతియే పెంచును. అవి నెలకు కన్నులు తెరచి, ఆరు వారములకు వెలుపలికి వచ్చి, అచిరకాలముననే వేరుపడి ఒంటరిగా బ్రదుకును. డేగలు, పాములు, నక్కలు పొంచియుండుటచే, వానిలో పెక్కింటికి మూడేండ్ల ఆయువైనను దక్కదు.