ఆంగ్లమున ‘కాని’, ‘అయినను’

మా పాఠశాలలో చదువు బాలబాలికల తలిదండ్రులు మమ్ము కలిసికొనినప్పుడు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “మా పిల్లవాడు తెలుగులో చదువుచున్నాడు గదా, దానివలన వాని ఆంగ్లము చెడిపోదా?” అని వారి సందేహము. ఈ సందేహమునకు అవుననియో కాదనియో ఒక్కమాటలో బదులు చెప్పుటకంటె, పిల్లలు నిత్యము పొరపడు చిన్న విషయము నొకదానిని తీసికొని, ఆ పొరపాటు ఎచ్చటనుండి వచ్చుచున్నదో విచారించుట మేలని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఆ విషయ మిది: ఒకదానికొకటి ఎదురుగా నిలుచు రెండు సంగతులను ఆంగ్లేయులు ఒకే వాక్యమున ఎట్లు కూర్తురు?

ముందుగా మన తెలుగును చూతము. “వాన కురిసినను అతడు వచ్చెను” అనుచున్నాము. వాన కురిసినచో మనిషి రాడని సామాన్యముగా అనుకొందుము. ఇచ్చట ఆ అనుకొన్నది తప్పినది. ఈ తప్పుటను తెలుపుటకు మనకు వేరొక పదముతో పనిలేదు. ‘కురిసినను’ అని క్రియ చివరనే ఆ భావము చేరియున్నది. మన వ్యాకరణమున దీనిని అప్యర్థకమందురు. సంస్కృతమున ‘అపి’ యనగా ‘కూడ’ అని అర్థము. మన పిల్లలు వీధిలో ఆడుకొనుచు మాటలాడు కన్నడమునందును ‘బందరూ’ అని క్రియ చివరనే ఈ పని జరుగును. కావున ఈ భావము పిల్లలకు క్రొత్తది కాదు. ఆంగ్లమున క్రొత్తది దాని గుర్తు నిలుచు చోటు మాత్రమే.

ఆంగ్లమున ఇందులకు మిక్కిలి సులభమైన మాట ‘బట్’. ఇది మన ‘కాని’ వంటిది. “ఇట్ రెయిన్డ్, బట్ హి కేమ్” అనగా “వాన కురిసెను, కాని అతడు వచ్చెను” అని. రెండు వాక్యములును సమానమైనవే. ‘బట్’ వాని నడుమ నిలుచును. అయినను మాట బరువు సాధారణముగా తరువాతి భాగముమీదనే పడును. తలిదండ్రులు దీనిని ప్రగతి పత్రమునందు గమనింపవచ్చును. “హి ఈజ్ క్లెవర్, బట్ కేర్‌లెస్” అని వ్రాసినచో, తెలివి యున్నదని యొప్పుకొని అశ్రద్ధను గూర్చి హెచ్చరించుట యగును. “హి ఈజ్ కేర్‌లెస్, బట్ క్లెవర్” అని వ్రాసినచో, అశ్రద్ధ యున్నదని యొప్పుకొని తెలివిని మెచ్చుకొనుట యగును. పదములు అవియే, వరుస మారినది, అభిప్రాయమును మారినది.

రెండవ మాట ‘ఆల్‌దో’. దీనికే కురుచరూపము వంటిది ‘దో’. సంభాషణలో ఇదియే ఎక్కువగా వినబడును. “ఆల్‌దో ఇట్ రెయిన్డ్, హి కేమ్” అనునది మన “వాన కురిసినను అతడు వచ్చెను” అనుదానికి సరియైన జోడు. భేదమేమన, మన గుర్తు మొదటి భాగమునకు చివర నుండగా, ఆంగ్లపు గుర్తు దానికి మొదట నుండును. మన వాక్యమున ‘ను’ రెండు భాగములు అతుకు చోటనే యున్నది. ఆంగ్ల వాక్యమున ఆ అతుకు చోట ఒక చిన్న విరామ చిహ్నము తప్ప మరేమియు లేదు. పిల్లవానికి అచ్చట ఏదియో లోపించినట్లు తోచును. వాడు ఆ ఖాళీని ‘బట్’ తో పూరించి, “ఆల్‌దో ఇట్ రెయిన్డ్, బట్ హి కేమ్” అని వ్రాయును. ఉపాధ్యాయుని ఎఱ్ఱ సిరా దానిమీద పడును. ఆంగ్లమున ఈ రెంటిలో ఒక్కటియే చాలును.

ఈ తప్పునకు తెలుగే కారణమని కొందరు చెప్పుదురు. కాని విచారింపుడు: “వాన కురిసినను, కాని అతడు వచ్చెను” అని తెలుగున ఎవరైన అందురా? అనరు. తెలుగునందును గుర్తు ఒక్కటియే. హిందీలో మాత్రము ‘హాలాఁకి’ అని మొదలుపెట్టి నడుమ ‘లేకిన్’ అని చేర్చుట కలదు. అచ్చట అది తప్పు కాదు. తన తెలుగు వాక్యమును ఒకమారు పరికించి చూచిన పిల్లవాడు, ఒక గుర్తు చాలునని తానే తెలిసికొనగలడు. కావున తప్పు తెలుగు చదువుటవలన కాదు, తెలుగును గమనింపకుండుటవలన వచ్చుచున్నది. ఇచ్చట ఒక్క విషయము చెప్పవలెను. పూర్వపు ఆంగ్ల గ్రంథములలో ‘ఆల్‌దో’ కు జతగా ‘యెట్’ అను మాట కానవచ్చును. అది తప్పు కాదు. అచ్చట ‘యెట్’ అనునది రెండు వాక్యములను కలుపు మాట కాక, ‘అయినను’ అని నొక్కి చెప్పు అవ్యయము మాత్రమే.

ఇక తెలుగు పిల్లలు మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన చోటు వేరొకటి కలదు. “వాన కురిసినను అతడు వచ్చెను”, “వాన కురిసినను నేను వచ్చెదను” అను రెండు వాక్యములను చూడుడు. మొదటిదానిలో వాన నిజముగా కురిసినది. రెండవదానిలో అది కురియునో కురియదో తెలియదు. మనకు ‘కురిసినను’ అను రూపమొక్కటియే రెంటికిని సరిపోవును. తుది క్రియ యొక్క కాలమే భేదమును తెలుపును. ఆంగ్లేయులు ఇచ్చట రెండు వేర్వేరు మాటలు వాడుదురు. జరిగిన సంగతికి ‘ఈవెన్ దో’, జరుగునేమో యని ఊహించు సంగతికి ‘ఈవెన్ ఇఫ్’. “ఈవెన్ దో ఐ ఫెయిల్డ్, ఐ విల్ ట్రై అగైన్” అని ఒక బాలుడు వ్రాసినచో, వాడు పరీక్ష తప్పియున్నాడని అర్థము. “ఈవెన్ ఇఫ్ ఐ ఫెయిల్, ఐ విల్ ట్రై అగైన్” అని వ్రాసినచో, ఫలితము ఇంకను తెలియదనియు, తప్పినను మరల ప్రయత్నింతుననియు అర్థము. ఉద్యోగమునకై పంపు దరఖాస్తులో ఒక మాటకు మారుగా రెండవది పడినచో, లేని అపజయమును తానే యొప్పుకొన్నట్లగును. చిన్న మాటయే కాని దాని ఫలితము చిన్నది కాదు.

వాక్యమునకు మారుగా నామపదము వచ్చినప్పుడు ‘ఆల్‌దో’ పనికిరాదు. అప్పుడు ‘డిస్పైట్’ అనియో ‘ఇన్ స్పైట్ ఆఫ్’ అనియో అనవలెను: “డిస్పైట్ ద రెయిన్, హి కేమ్.” రెండవ రూపమున ‘ఆఫ్’ ఉండును, మొదటి రూపమున ఉండదు, పిల్లలు రెంటిని కలిపి ‘డిస్పైట్ ఆఫ్’ అని వ్రాయుట సామాన్యమైన తప్పు. ఈ ‘డిస్పైట్’ పదము ప్రాచీన ఫ్రెంచి ద్వారా లాటిన్ నుండి వచ్చినది. చిన్నచూపు చూచుట యని దాని మూలార్థము. మనమును “వానను లెక్కచేయక వచ్చెను” అనుచున్నాము గదా! దూరదేశపు భాషకును మన భాషకును ఆలోచనలో ఎంత పోలిక యున్నదో ఇట్టిచోట్ల తెలియును.

‘హవెవర్’ అనునది గంభీరమైన మాట. లేఖలలోను వ్యాసములలోను ఎక్కువగా కనబడును. మొదటి వాక్యమును ముగించి, రెండవ వాక్యమును దీనితో ఆరంభించి, దీని వెనుక కామా నుంచవలెను: “ఇట్ రెయిన్డ్ ఆల్ డే. హవెవర్, హి కేమ్.” ఇది ‘బట్’ వలె రెండు వాక్యములను కలుపజాలదు గాన, దీని ముందు కామా మాత్రముంచి వాక్యము నడుపుట తప్పు. ఇండ్లలో మాటలాడుకొనునప్పుడు ఆంగ్లేయులు ‘దో’ అను మాటను వాక్యము చివర చేర్చుటయు కలదు: “ఇట్ రెయిన్డ్. హి కేమ్, దో.” మన ‘అయినా’ వలె ఇది తేలికగా పలుకబడును.

ఎదురుచూచినది తప్పుట కాక, ఇద్దరికి గల భేదము మాత్రమే చెప్పవలసినప్పుడు ‘వైల్’, ‘వేర్‌యాజ్’ అను మాటలు వచ్చును. “అన్న లెక్కలలో మేటి, తమ్ముడు మాత్రము పాటలలో మేటి” అని మనము చెప్పు చోట ఇవి తగును. ఇచ్చట ఒకరి నేర్పు మరియొకరి నేర్పునకు అడ్డు కాదు. ఎదుటివాని మాటను త్రోసిపుచ్చక తన మాట చెప్పుటకు ఆంగ్లేయులు “దట్ ఈజ్ ట్రూ, బట్” అని మొదలుపెట్టుదురు. మన పెద్దలు “మీరన్నది నిజమే కాని” అనుటయు ఇట్టిదే. ముందు ఒప్పుకొని, పిదప వేరుగా చెప్పుట రెండు భాషలందును మర్యాదయే.

దీనికై తలిదండ్రులు ఆంగ్ల పండితులు కానక్కరలేదు. రాత్రి భోజనమైన పిదప పిల్లవానిచేత ‘అయినను’ గల తెలుగు వాక్యములు నాలుగు చెప్పింపుడు. ఆ సంగతి జరిగినదా, జరుగునేమో యని ఊహించుచున్నావా యని అడుగుడు. పిదప దానినే ఆంగ్లమున చెప్పుమనుడు. గుర్తు ఒక్కటియే యున్నదో లేదో వానినే లెక్కింపుమనుడు. ఈ పనికి పది నిమిషములు చాలును. ఇందు తలిదండ్రులకు కావలసినది మంచి తెలుగు. అది మీ యింట నున్నది.

భాషా అల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో మన రాజ్యాంగమున 350ఎ అధికరణము చేర్చబడినది. ఆ సౌకర్యము పిల్లలు తరగతిలో నున్నంతవరకే నిలుచును. ఆంగ్లముకొరకు తెలుగును విడువవలెనని తలంచు తలిదండ్రులకు మేము చెప్పునది ఇంతమాత్రమే: మీ భయమును మేమెరుగుదుము, పిల్లలకు ఆంగ్లము కావలెననుట నిజమే, కాని ఆ ఆంగ్లమునకు మెట్టు తెలుగే.