మాట కలిసిన చోటే ఊరు!

బ్రస్సెల్స్ ఎక్కడుందంటే బెల్జియంలో అని ఠక్కున చెప్పేస్తాం. నామూర్ కూడా అక్కడిదే. కానీ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలోనూ ఈ పేర్లతో రెండు పల్లెలున్నాయి. మిషిగన్ సరస్సులోకి వేలులా చొచ్చుకెళ్లిన డోర్ ద్వీపకల్పంలో బెల్జియం రైతులు కట్టుకున్న ఊళ్లవి.

అది 1853. బెల్జియంలోని బ్రబాంట్ ప్రాంతంలో చాలామందివి చిన్న కమతాలే. తండ్రి పొలాన్ని పిల్లలు పంచుకుంటే ఒక్కొక్కరికీ దక్కేది చారెడు నేల. దానికి తోడు 1840ల్లో బంగాళదుంపకు తెగులు. అలాంటి సమయంలో విస్కాన్సిన్‌లో ఎకరా 1.25 డాలర్లకే ఇస్తున్నారన్న కబురు! గ్రే డ్వాసో చుట్టుపక్కలకు చెందిన పది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని ఆంట్‌వెర్ప్ రేవులో ఓడ ఎక్కేశాయి.

తీరా వెళ్లాక భూమికి కొదవ లేదు. చిక్కల్లా మాటతోనే. వాళ్లది ఫ్రెంచికి దగ్గరైన వాలూన్ భాష. విస్కాన్సిన్‌లో అడుగడుగునా జర్మన్లు, డచ్చివాళ్లు. ఆ పరిస్థితుల్లో గ్రీన్ బే పట్టణంలో ఫాదర్ ఎడ్వర్డ్ డామ్స్ తారసపడ్డారు. ఆయనా బెల్జియంవాడే. తాను ఉండే బే సెటిల్‌మెంట్ దగ్గర ఫ్రెంచి మాట్లాడేవాళ్లున్నారని చెప్పి అటు రమ్మన్నారు. అంతే... మాట కలిసే చోటుకోసం కారడవిలోకి నడిచారు!

చెట్లు కొట్టి గుడిసెలు వేసుకున్నారు. పైకప్పులకు వాడే చెక్కపెంకులు చేత్తో చెక్కి అమ్ముకున్నారు. ఆ వెనకే వేలమంది స్వదేశం నుంచి తరలివచ్చారు.

1871 అక్టోబరు 8 రాత్రి అంతా బూడిదైంది. వానల్లేక ఎండిన అడవి అంటుకుని గ్రీన్ బే అఖాతానికి రెండువైపులా ఊళ్లను మింగేసింది. మృతులు 1,200కి పైనేనని అంచనా. అదే రాత్రి షికాగో కూడా తగలబడటంతో ఈ పల్లెల గోడు పెద్దగా బయటికి రాలేదు.

అయినా వాళ్లు నేలను వదల్లేదు. ఈసారి ఎర్ర ఇటుకలతో ఇళ్లు కట్టారు. పెరట్లో వేసవి వంటిల్లు, దానికి ఆనుకుని రొట్టెలు కాల్చే పొయ్యి, దారి పక్కన బుల్లి ప్రార్థనా మందిరాలు... ఇవన్నీ ఇప్పటికీ కనిపిస్తాయి. అందుకే నామూర్ ప్రాంతాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. పంటలు ఇంటికొచ్చాక చేసుకునే కెర్మిస్ పండగ, పెద్ద గుండిగల్లో ఉడికే బూయా కోడికూర ఇంకా ఉన్నాయి.

పోతున్నది ఒక్కటే... వాలూన్. ఏ మాట కోసం ఈ చోటును ఏరికోరి ఎంచుకున్నారో, అది నేడు కొద్దిమంది పెద్దవాళ్ల నోటే వినిపిస్తోంది.