చిత్రకారుని యాత్ర – శిష్యుని చూపు

దేశాటనము వలన కలుగు లాభములను మన పెద్దలు ఎన్నడో చెప్పియున్నారు. అయితే చిత్రకారుడు దేశాంతరము పోయి వచ్చినచో అతని శిష్యులకు దక్కునదేమి? పరదేశపు బొమ్మలకు నకళ్లు వ్రాయుటయేనా? ఈ ప్రశ్నకు శాంతినికేతన చరిత్రలో చక్కని సమాధానము కలదు.

1903లో తైకాన్, షున్సో అను ఇద్దరు జపాను చిత్రకారులు కలకత్తాకు వచ్చినారు. తడి కుంచెతో రంగును పలుచన చేయు వారి పద్ధతిని అవనీంద్రనాథ ఠాకూరు గమనించినారు. తాము మాత్రము కాగితమును ఏకముగా నీట ముంచి, మరల రంగువేయు మార్గమును కనుగొన్నారు. చూచినది ఒకటి, చేసినది వేరొకటి. యాత్రాఫలమనగా ఇదియే.

వారి శిష్యులు నందలాల్ బోసు 1924లో రవీంద్రనాథునితో కలిసి చైనా, జపానులకు వెళ్లినారు. తిరిగివచ్చి కళాభవన విద్యార్థులచేత చైనా కొండలను వ్రాయింపలేదు. కుంచెగీత లోని బిగువును చూపి, ఎదుటనున్న తాటిచెట్లను, సంతాలుల గుడిసెలను వ్రాయుడనినారు. విద్యార్థులను వెంటబెట్టుకొని విహారయాత్రలకు పోవుటయు వారి బోధనలో భాగమే.

ఆ విద్యార్థులలో బినోద్ బిహారీ ముఖర్జీ ఒకరు. ఆయనకు ఒక కంట చూపు లేదు. రెండవకంటి చూపు మిక్కిలి మందము. ఇట్టివానికి చిత్రకళ ఏల యని ఎవరికైనను తోచును. గురువు మాత్రము పొమ్మనలేదు. 1937లో బినోద్ బిహారీ జపాను వెళ్లి, చాపచుట్టవలె విప్పుచు చూడదగిన అచటి పొడవైన చిత్రపటములను శ్రద్ధగా పరిశీలించినారు. పదేండ్ల పిమ్మట, 1947 నాటికి, శాంతినికేతనము లోని హిందీ భవనమున మూడుగోడలపై మధ్యయుగపు భక్తుల చరిత్రను చిత్రించినారు. అందు రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు జనసమూహముల నడుమ నదివలె సాగిపోవుదురు. ఆ నడక జపాను పటములను తలపించును. మనుష్యులు మాత్రము మనవారే.

తరువాత శస్త్రచికిత్స విఫలమై ఆయన చూపు పూర్తిగా పోయినది. అయినను చేతిస్పర్శతో కాగితములు కత్తిరించి, అతికించి బొమ్మలు కూర్చుట మానలేదు. ఆయన శిష్యులు సత్యజిత్ రాయ్ 1972లో ఆ జీవితమును చలనచిత్రముగా తీసినారు.

నందలాల్ బోసుకు పోస్టుకార్డులపై బొమ్మలు వ్రాయు అలవాటుండెడిది. సెలవులలో మన పిల్లలను పొరుగూరికి తీసికొని పోవునప్పుడు, ఒక కార్డును, పెన్సిలును వారి చేతికిత్తము. చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయలేదని మాత్రము కోపగింపవలదు.