రైతు యింటికి వచ్చిన రొక్కము

సేద్యమునకు వాన యెంత ముఖ్యమో, వాన కురిసిన దినమున రైతు చేతిలో రొక్కముండుటయు నంత ముఖ్యము. జూన్ మాసమున మృగశిర కార్తె ప్రవేశించినంతనే, హైదరాబాదు పాతనగరమందలి దూద్‌బౌలికి చెందిన బత్తిని కుటుంబమువారు ఉబ్బస రోగులకు చేపమందు పంచుదురు. దానికై వేలకొలది జనము నగరమునకు తరలివత్తురు. సరిగా ఆ దినములలోనే నగరమునకు నలుదిక్కుల నున్న పల్లెలలో రైతులు ఆకసము వంక చూచుచుందురు. వాన పడి నేల పదునెక్కినచో, ఆ పదును ఆరకముందే విత్తనము పడవలెను. ఆలస్యమైనచో మరల వాన వచ్చువరకు వేచియుండవలసినదే. విత్తనములకు, ఎరువులకు, దుక్కి కూలికి అప్పుడే రొక్కము కావలెను. కాని రైతు యింట రొక్కముండునది పంట అమ్మిన తరువాత. ఖర్చు వచ్చునది పంట వేయుటకు ముందు. ఈ రెంటి నడుమ నున్న ఆరేడు నెలల యెడమే పల్లెటూరి అప్పులలో చాలవాటికి మూలము.

ఆ యెడమును పూడ్చుటకై ప్రభుత్వమే రైతునకు రొక్కమిచ్చు పద్ధతి మన ప్రాంతమున 2018లో మొదలైనది. అంతకు పూర్వము రొక్కము నడచిన దారి వేరు. అది పల్లె నుండి నగరమునకు పోయెడిదే గాని, నగరము నుండి పల్లెకు వచ్చెడిది కాదు.

పాతనగరమున, మూసీనదికి దక్షిణపు గట్టున, దివాన్ దేవిడీ యను గొప్ప భవన సముదాయ ముండెడిది. 1951లో సాలార్ జంగ్ మ్యూజియము మొదట తెరువబడినది అందులోనే. 1968లో అది నేటి భవనమునకు మార్చబడినది. మ్యూజియమును చూడబోవు బాలురు అందలి గడియారమును, శిల్పములను చూచి ఆనందింతురు గాని, ఆ వంశమునకు చెందిన మొదటి సాలార్ జంగ్ రైతుల బ్రదుకులో తెచ్చిన మార్పును గూర్చి తలచువారు తక్కువ. ఆయన 1853 మొదలు 1883 వరకు నిజాం రాజ్యమునకు దివానుగా నుండెను. ఆయనకు ముందు శిస్తు వసూలు గుత్తకు ఇయ్యబడెడిది. పలుచోట్ల పంటలో పాలు తీసికొనెడివారు. సాలార్ జంగ్ గుత్తలను తొలగించి, జీతము పొందు ఉద్యోగులను నియమించి, 1865లో జిల్లా పాలనను ఏర్పరచెను. శిస్తును రొక్కముగా నిర్ణయించు పద్ధతిని వ్యాపింపజేసెను. గుత్తదారుల దౌర్జన్యము కంటె ఇది యెంతయో మేలు. అయినను ఇందొక చిక్కు గలదు. గాదెలో ధాన్యమున్నంత మాత్రమున చేతిలో రొక్కమున్నట్లు గాదు. కిస్తు గడువు సమీపించినప్పుడు రైతు కళ్లములోనే ధాన్యము తెగనమ్ముకొనెను. లేదా షావుకారు వాకిట నిలిచెను. 1929-30 సంవత్సరములలో ఎస్. కేశవ అయ్యంగారు నిజాం రాజ్యపు గ్రామముల ఆర్థిక స్థితిని పరిశీలించినప్పుడు, ఋణభారమును, ఆ భారముచే భూములు చేతులు మారుటయు ప్రధాన విషయములైనవి. కరవు వచ్చినప్పుడు ప్రభుత్వము తఖావీ యను పేర రైతులకు సొమ్ము నిచ్చెడిది. అదియు అప్పే, తిరిగి కట్టవలసినదే.

తిరిగి కట్టనక్కరలేని సొమ్ము 2018 మే 10వ తేదీన కరీంనగర్ జిల్లా హుజూరాబాదు ప్రాంతమున ‘రైతుబంధు’ అను పేర ప్రారంభమైనది. ఎకరమునకు వానకాలమున 4,000, యాసంగిలో 4,000 రూపాయలు పట్టాదారునకు ఇయ్యబడెను. తొలి విడతలో చెక్కులు పంచిరి. పిమ్మట సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో జమ యగుచు వచ్చెను. 2019లో ఆ మొత్తము 5,000కు పెరిగినది. 2025 జనవరి 26న ‘రైతు భరోసా’ యని పేరు మారి, 6,000 రూపాయలైనది. మెక్సికో దేశమున 1990వ దశకముననే ‘ప్రొకాంపో’ యను పథకము క్రింద భూమి విస్తీర్ణమును బట్టి రైతులకు సొమ్మిచ్చిరి. కనుక ఈ యాలోచన లోకమునకు క్రొత్త కాదు. మనకు మాత్రము క్రొత్త.

మూడెకరముల నల్లరేగడి గల కుటుంబమును ఊహింతము. వారు ప్రత్తి వేయుదురు. 2025 వానకాలమున వారికి వచ్చు సాయము 18,000 రూపాయలు. ఎకరమునకు రెండు పొట్లముల చొప్పున ఆరు పొట్లముల ప్రత్తి విత్తనములు; పొట్లము వెల సుమారు 900 రూపాయలు. ఈ లెక్కన విత్తనములకే 5,400 కావలెను. డి.ఏ.పి. యెరువు బస్తా వెల 1,350. మూడు బస్తాలకు 4,050. యూరియా మూడు బస్తాలకు రమారమి 800. ఇంతవరకు పదివేల పైచిలుకు అయినది. మిగిలినది ట్రాక్టరు దుక్కికిని, విత్తు కూలికిని సరిపోవచ్చును. కలుపు తీయుటకు, పురుగుమందులకు, ప్రత్తి ఏరుటకు మరల వెదకుకొనవలసినదే. కనుక ఈ సొమ్ముతో సేద్యము సాంతము గడచునని తలచుట పొరపాటు. దీనివలన సేద్యము మొదలగును, అంతే.

ఆ మొదలు చిన్న విషయము గాదు. ఆ 18,000 రూపాయలే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, నెలకు 360 రూపాయల వడ్డీ యగును. ఏడు నెలలకు 2,520. మూడు రూపాయల వడ్డీ యైనచో 3,780. అసలు గాక ఈ వడ్డీయే ఒక ఎకరమునకు కావలసిన విత్తనములకు, ఎరువులకు చాలును. అంతకంటెను ముఖ్యమైన దొకటి గలదు. విత్తనములు, ఎరువులు అప్పునకిచ్చిన వ్యాపారికే పంట అమ్మవలెనను కట్టు పల్లెలలో పలుచోట్ల గలదు. అట్టి రైతు ధర అడుగలేడు. తూకమున తేడా వచ్చినను పలుకలేడు. మలక్‌పేటలో ఆరవ నిజాము పేర వెలసిన మహబూబ్ మాన్షన్ ఆవరణమున నేడు మిరపకాయల బస్తాలు, ఉల్లిగడ్డల రాసులు పోసి అమ్ముచుందురు. అచ్చటికి పంట తెచ్చిన వానికి అడ్తిదారు వద్ద పాతబాకీ లేనిచో, ధర నచ్చనప్పుడు ‘రేపు చూతము’ అని యనగల ధైర్యముండును. ఆ ఒక్క మాట అనగలుగుట రైతు కెంత గొప్పయో బజారున తిరిగినవారికే తెలియును.

సొమ్మంతయు పొలమునకే పోవునా? పోదు. జూన్ మాసమే బడులు తెరచు మాసము. పుస్తకములు, పిల్లల బట్టలు, ముసలివారి మందులు అదే సంచిలోనుండి రావలెను. పెట్టుబడికి ఇచ్చిన సొమ్మును ఇంటి ఖర్చులకు వాడుదురని కొందరు నిష్ఠూరము లాడుదురు. పొలమునకు వేరు సంచి, ఇంటికి వేరు సంచి ఉంచుకొనుట ఉద్యోగస్థులకు సాధ్యము కావచ్చును గాని, మూడెకరముల సంసారికి సాధ్యము గాదు. చేతికి సొమ్మిచ్చినచో కల్లు దుకాణము పాలగునని మరికొందరి భయము. వివిధ దేశములలో జరిగిన పరిశోధనల నన్నింటిని పోల్చి చూచి, ప్రపంచ బ్యాంకునకు చెందిన ఇరువురు పండితులు 2014లో ఆ భయమునకు ఆధారము కానరాదని తేల్చిరి. అయితే ఒకటి మాత్రము నిజము. కలుపు తీయుట, ప్రత్తి ఏరుట స్త్రీల పని; పట్టా యెక్కువగా పురుషుని పేర నుండును; సొమ్ము పట్టా యెవరి పేరనున్న వారి ఖాతాలోనే పడును.

సొమ్ము సమయమునకు రావలెనను విషయమును వేరుగా చెప్పనక్కరలేదు. 2023-24 యాసంగి సాయము కొందరికి మే మాసమున గాని అందలేదు. నాటికి కోతలే ముగిసినవి. 2024 వానకాలమున సాయమే లేదు. ఆ యేడు విత్తినవారు మరల వడ్డీకి తెచ్చియే విత్తిరి.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి గలదు. ఈ సాయము భూమికి ఇయ్యబడునది, దున్నువానికి కాదు. రెండున్నర ఎకరముల వానికి 15,000 వచ్చిన యెడల, ఇరువదియైదెకరముల వానికి లక్షా యేబదివేలు వచ్చును. కేంద్ర ప్రభుత్వము 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన కిసాన్ సమ్మాన్ నిధి యిట్లు గాక, అర్హత గల కుటుంబమునకు భూమి యెంతయున్నను ఏటికి 6,000 రూపాయలే యిచ్చును. ఉద్యోగములకై పల్లె విడిచి హైదరాబాదున స్థిరపడిన కుటుంబములు వేలకొలదిగా గలవు. వారి పట్టాదారు పాసుపుస్తకము నగరమందలి బీరువాలో నుండును. పొలము పల్లెలో కౌలుదారుని చేతిలో నుండును. వాన పడిన నాడు ఖాతాలో సొమ్ము పడినదను సందేశము నగరమునకు వచ్చును. నాగలి పట్టినవానికి ఏమియు రాదు. సాయము వచ్చినది గదా, కౌలు తగ్గింపుమని అడుగుటకు అతనికి బలము లేదు. అడిగినచో మరుసటి యేడు పొలము మరియొకరికి పోవును. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా యందును ఇదే తీరు. రైతు మరణించినచో కుటుంబమునకు అయిదు లక్షలు లభించును గాని, పేరు పట్టాలో నుండవలెను.

భూయజమాని కౌలుదారుని పేరు కాగితముమీద వ్రాయుటకు ఏల వెనుకాడును? దీనికి పాత కారణమున్నది. 1950లో హైదరాబాదు రాష్ట్రమున వచ్చిన కౌలుదారీ చట్టము కొందరు కౌలుదారులకు రక్షణ కల్పించి, తాము దున్నుచున్న భూమిపై హక్కు నిచ్చెను. అది న్యాయమైన చట్టమే. కాని నాటినుండి, పేరు వ్రాసినచో భూమి పోవునను భయము యజమానుల మనస్సులలో నాటుకొన్నది. 2011లో ఉమ్మడి రాష్ట్రమున కౌలుదారులకు గుర్తింపు కార్డులు ఇచ్చుటకు చట్టము వచ్చినను, కార్డు పొందినవారు కొందరే. ఆంధ్రప్రదేశమున 2019 చట్టము యజమాని సమ్మతితోనే పత్రము నిచ్చునట్లు ఏర్పరచినది. తెలంగాణమున మాత్రము, పహాణీలో పట్టాదారుని ప్రక్కనే అనుభవదారుని పేరు వ్రాయుటకుండిన గడిని 2020లో ధరణి వచ్చినప్పుడు తొలగించిరి. పూర్వము శిస్తు ఎవరు కట్టవలెనో తెలుపుటకు పట్వారీ వ్రాసికొన్న పహాణీ, నేడు సాయము ఎవరికి అందవలెనో తెలుపు పత్రమైనది. అట్టి పత్రములో పొలము దున్నువాని పేరునకు చోటు లేకపోయెను.

2025 జనవరిలో భూమి లేని వ్యవసాయ కూలీల కుటుంబములకును ఏటికి 12,000 రూపాయలిచ్చు పథకము తెలంగాణమున ప్రారంభమైనది. అంతకుముందటి యేట ఉపాధి హామీ పనులలో కనీసము ఇరువది దినములు పనిచేసినవారిని అందులకు అర్హులుగా నిర్ణయించిరి. సొంతముగా అర ఎకరము గలిగి, అయిదెకరములు కౌలునకు చేయువాడు భూమిలేనివాడు కాడు. కనుక ఈ పథకమున అతడు చేరడు. అర ఎకరమునకు 3,000 రూపాయలు అతనికి అందును. తక్కిన అయిదెకరముల విత్తనములకై అతడు నేటికిని నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకే తెచ్చుకొనుచున్నాడు.