తడిసిన కొండమీది చూపు

కొడకండ్ల ప్రాంతంవారికి కొండ అనగానే పొరుగున ఉన్న పాలకుర్తి సోమేశ్వరుని గుట్ట తలపునకు రావడం సహజం. శ్రావణ భాద్రపదాలలో వాన వెలిసిన మరునాడు దూరపు చూపుకోసం గుట్ట లెక్కాలని ముచ్చటపడేవారు ఉంటారు. ముచ్చట మంచిదే. వేసవిలో గాలిని కమ్ముకొని ఉండే ధూళిని వాన కడిగివేస్తుంది. అయితే కంటికి మేలు చేసిన ఆ వానే కాలికి కీడు చేస్తుంది.

శీతలదేశాలలో ఈ కీడు మరొక రూపంలో ఉంటుంది. ఇంగ్లండులోని కిండర్ స్కౌట్ ఎత్తు 636 మీటర్లే. కాని దాని నెత్తిన నడక అంతా ఊబిలోనే. చలికీ, నిలవనీటికీ చచ్చిన నాచు కుళ్ళిపోక పొరలు పొరలుగా పేరుకుంటుంది. దానినే పీట్ అంటారు. ఆ బురదను లెక్కచేయక, 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది శ్రామికులు భూస్వాముల నిషేధాన్ని ధిక్కరించి ఆ కొండ ఎక్కారు. కొండమీది చూపు విలువ ఎరిగినవారు! మన దక్షిణదేశంలోనూ నీలగిరుల ఎత్తైన లోయలలో పీట్ ఉన్నది. అందులో 20,000 సంవత్సరాలనాటి పొరలున్నట్లు 1993లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

మన గుట్టలలో అది ఏర్పడదు. ఎండ మిక్కుటం, చచ్చిన ఆకు అలము త్వరగా కుళ్ళిపోతుంది. ఇక్కడి గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాలనాటిది, నీటిని పీల్చుకోదు. బండమీద పడిన వాన కొంత దొనలలో నిలుస్తుంది, కొంత పగుళ్ళలో దిగుతుంది, తక్కినది జారిపోతుంది. పగుళ్ళలోని నీరే యుగయుగాలుగా రాతిని విడదీస్తుంది. పాలకుర్తిలో ప్రదక్షిణకు దారి ఇచ్చిన చీలికను భక్తురాలికోసం శివుడు కల్పించాడని స్థలపురాణం. ఇటువంటి చీలికలు రాతి స్వభావంవల్ల ఏర్పడతాయని భూగర్భశాస్త్రం చెబుతుంది. రెండు మాటలూ విని గుట్ట ఎక్కడంలో నష్టమేమీ లేదు.

ప్రమాదమంతా బండమీది నల్లని చారలలో ఉన్నది. అవి వట్టి మరకలు కావు, జీవమున్న నాచు. ఎండలో పొడిపొడిగా ఉండి, తడి తగలగానే ఉబ్బి జిగురవుతుంది. కాబట్టి మెట్లు లేనిచోట చారలను తప్పించి, గరుకైన రాతిమీదనే అడుగు వేయవలెను. బండ అంచున గడ్డి మెత్తగా కనిపిస్తే నమ్మరాదు. దాని అడుగున బెత్తెడు మట్టి, ఆ కింద నున్నని రాయి. ఎక్కేటప్పటికంటె దిగేటప్పుడే కాలు జారడం ఎక్కువ. ఒళ్ళు అలసి ఉంటుంది, మనసు అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది!

ఇక చూపు సంగతి. చదునునేలమీద నిలబడిన మనిషికి దిగంతం నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. పరిసరాలకంటె 100 మీటర్ల ఎత్తుకు వెళితే సుమారు 36 కిలోమీటర్లకు జరుగుతుంది. ఎత్తు రెట్టింపయితే దూరం రెట్టింపు కాదు. 50 కిలోమీటర్లు మాత్రమే. అంటే చిన్న గుట్టే మనకు ఎక్కువ లాభం ఇస్తుందన్నమాట. పైనుంచి చూస్తే, కిందనున్నప్పుడు విడివిడిగా తోచే చెరువులు గొలుసుకట్టుగా కనిపిస్తాయి: ఒకదాని అలుగునీరు వాగై మరొకదానిలో చేరుతుంది. మనం జాగ్రత్తగా తప్పించుకొని వచ్చిన ఆ జారుడునీరు కూడా అటే పోతున్నది.

ఉదయమే ఎక్కి, మధ్యాహ్నానికి ముందే దిగడం మేలు. ఆశ్వయుజంలోనూ మధ్యాహ్నపు మబ్బు పిడుగు తెస్తుంది. బోడిగుట్టమీద అందరికంటె ఎత్తున నిలిచేది మనమే. మెరుపు తరువాత మూడు సెకన్లకు ఉరుము వినబడితే పిడుగు ఒక కిలోమీటరు దూరంలో పడిందని లెక్క. ఆ లెక్క వేస్తూ కూర్చోక, మొదటి ఉరుముకే దిగడం మొదలుపెట్టవలెను, నల్లచారలమీద అడుగు వేయకుండా.